కాకికాలు తాళాలు

నవంబర్ 9, 2025. కరీంనగర్

కొత్త నోటుబుక్కు మొదలుపెట్టినప్పుడల్లా నా దగ్గర ఏమున్నాయో, ఏం లేవో మొదటి పేజీలో రాసుకోవడం అలవాటు.

ఉన్నవి: గమ్మత్తు తాళాలు అరవై మూడు. తాళంచెవి చేతిలో ఉన్నా తెరుచుకోనివి. ఎక్కడో ఒక రివెట్టు నొక్కాలి, ఒక పువ్వు తిప్పాలి, ఒక రేకు జరపాలి. అప్పుడుగానీ చెవి దూరే రంధ్రం బయటపడదు. వీటిలో అరవై రెండు పోయినా పెద్దగా బాధపడను. మిగిలిన ఒకటి కాకికాలు తాళం, ఆరో నంబరు.

కాకికాలు తాళాలు మొత్తం ఏడు. అరచేతి వెడల్పు ఇత్తడి. వెనక కాకి అడుగు వేసినట్టు మూడు గీతలు, కొక్కెం కింద ఒక అంకె. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఏడు రావు సార్ దగ్గరున్నాయి. నిజాం కాలంలో ఆదిలాబాద్ వైపు పేరు తెలియని కంచరి ఒకడు చేసినవి. నూట ముప్పై ఏళ్ల పైమాటే. నా పుస్తకంలో ఇలాగే రాశాను.

లేనిది: నాలుగో నంబరు.

నవంబర్ 12

మంకమ్మతోటలో రావు సార్ ఇంటికి వెళ్లాను. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టర్ చెప్పాడట. ఆయన కూతురు ఆమని, బళ్లో టీచరు, గేటు దగ్గరే ఆపి చెప్పింది. లోపల ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, ఎప్పుడూ ఈడ్చి నడిచే ఎడమకాలు చాపుకుని, మంచం మీద కూర్చుని మూడో తాళాన్ని మెత్తటి బట్టతో తుడుస్తున్నారు.

"నాలుగోది దొరికిందా?" అన్నారు నన్ను చూడగానే.

ఇరవై రెండేళ్లుగా ఇదే పలకరింపు.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు మ్యూజియం వాళ్లు ఆయన దగ్గరున్నవన్నీ తీసుకుంటామన్నారు. ఒక గది ఇస్తారు. తలుపు మీద 'బాలకిషన్‌రావు సేకరణ' అని రాస్తారు. తాళాల వయసు గురించి నేనొక ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. ఈ తాళాల మీద పుస్తకం రాసినవాడిని నేనొక్కడినే.

"జల్ది రాయండ్రి సార్. బాపు ఉండంగనే అయిపోవాలె" అంది ఆమని.

రాస్తానన్నాను. రాయడానికేముంది.

నవంబర్ 13

మా బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. ఒకసారి చీరలు ఇవ్వడానికి రావు సార్ వాళ్ల పాత ఇంటికి నన్ను వెంట తీసుకెళ్లాడు. వాకిట్లోనే గంటసేపు నిలబడ్డాం. ముప్పై ఏళ్ల తర్వాత, నేను ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండగా, అదే కుటుంబంలోని రావు సార్ నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఒక తాళం చేతికిచ్చి "తియ్యి చూద్దాం" అన్నారు. రెండో నంబరు. నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ప్రతి ఆదివారం ఆ కుర్చీ నాదే.

ఆయన కోసం నాలుగోది వెతికిపెట్టడం నా బాధ్యత.

నవంబర్ 17

దొరికింది!

నా పాత శిష్యుడు అరుణ్‌కుమార్ ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఒక జిన్నింగ్ మిల్లు వాళ్లింట్లో కరెంటు పనికి వెళితే వంటింటి అలమారకు వేలాడుతూ కనిపించిందట. ఫోటో పంపాడు. మూడు గీతలు. అంకె నాలుగు. ఫోన్ కింద పడేశాను. నా భార్య నవీన నవ్వింది. పెండ్లినాడు కూడా ఇంత సంబరపడలేదు గద అంది.

నవంబర్ 19. ఆదిలాబాద్, లాడ్జి

పొద్దున ఆరింటి బస్సు. మహబూబ్ ఘాట్ దాటాక చలి. ఊరంతా పత్తి లారీలు, గాలిలో దూది.

ఇల్లు తారాబాయి గారిది. డెబ్బై రెండేళ్లుంటాయి. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"బసా, బసా. కూసోండ్రి. గా తాళం కోసం కరీంనగర్ నుంచి వచ్చిండ్రా?" అని ఒకటే ఆశ్చర్యం. అలమార నుంచి తీసి నా చేతిలో పెట్టింది. పచ్చళ్ల వాసన. కొత్తదానిలా మెరుస్తోంది. చింతపండుతో తోమి తోమి ఆ పాతదనమంతా పోగొట్టింది, పాపం తెలియక.

నొక్కేవీ, తిప్పేవీ, జరిపేవీ, లోపలి ఏడు పట్లూ వరసగా తీశాను. పావుగంట పట్టింది. ఆమె చప్పట్లు కొట్టింది.

"మా మామంజీ తప్ప ఇంట్ల ఎవ్వలు తియ్యకపోయిండ్రు. కొడుకులు తియ్యలేని తాళం కావాలన్నడు మామంజీ. మిల్లుల ఫిట్టర్ ఉండె, హనుమండ్లు అని. ఆయన చేసిచ్చిండు."

"బాగు చేసిచ్చిండా?"

"బాగు చేసుడేంది? కొత్తది చేసిండు. మా ఉజ్వల్ పుట్టిన ఏడు. ఎనభై ఒకటి."

అప్పటికి పాత తాళమే అయి ఉంటుందని, ఆయన సరిచేసి ఉంటాడని నేనన్నాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది.

"నేను ఇంట్లనే ఉంటి గద. ఇత్తడి ముక్క తెచ్చి మామంజీకి చూపించిండు. నా కండ్ల ముంగటి ముచ్చట."

తాళం ఎంత ఇచ్చినా అమ్మనంది. మామగారి గుర్తు. హనుమండ్లు జైనూర్‌లో కూతురి దగ్గరున్నాడని, కావాలంటే వెళ్లి ఆయన్నే అడగమని చిరునామా రాసిచ్చింది.

నవంబర్ 20

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర.

ఆమె పొరపడి ఉంటుంది. పాత తాళం చూసి, దానిలాంటిది చేయించి ఉంటారు. లేదా బాగుచేయించి ఉంటారు. డెబ్బై దాటినవాళ్లకు ఏ ఏడు ఏది జరిగిందో కలిసిపోతుంది.

అడుగున ఉండే స్క్రూ సంగతి ఇక్కడ రాయనక్కర లేదు.

నవంబర్ 22

రావు సార్‌కు చెప్పాను. నాలుగోది కళ్లారా చూశాను, తెరిచాను, అమ్మరట.

ఆయన చేతిలో బట్ట ఆగింది. "ఆ ఇంటోల్లు ఇంకేమన్న అన్నరా?"

"ఏమనలే సార్."

నా ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.

నవంబర్ 30

"ఆ హనుమండ్లు బతికే ఉన్నడా?" అని నవీన అడిగింది.

నాకేం తెలుసు అన్నాను. చిరునామా నా చొక్కా జేబులోనే ఉంది.

డిసెంబర్ 8. జైనూర్ నుంచి వచ్చాక

వెళ్లాను. ఆరో నంబరు తాళం సంచిలో పెట్టుకుని జన్నారం మీదుగా బస్సులో వెళ్లాను. ఆయన చేసింది కాదని తేల్చుకుని, ప్రశాంతంగా ఉత్తరం రాసుకోవాలని.

కూతురి పేరు పోశవ్వ. యాభై ఏళ్లుంటాయి. ముందుగదిలో కుట్టుమిషన్, జాకెట్లు కుడుతుంది. తండ్రి ఎండలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ల మనిషి. ఒక కన్ను పూర్తిగా తెల్లబడింది, రెండోదీ అంతంతే. కుడిచేయి వణుకుతోంది.

ఎవరో ఏమిటో చెప్పకుండానే తాళం ఆయన చేతిలో పెట్టాను. పరీక్ష పెడుతున్నాననుకున్నాను.

బరువు చూశాడు. వెనక గీతల మీద బొటనవేలు పెట్టాడు. చేతి వణుకు తగ్గింది.

"ఎక్కడ దొరికె నీకు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా తెరిచేశాడు. ఏడు పట్లూ. చూడకుండా, మాట్లాడకుండా, గ్లాసులో చాయ్ చల్లారేలోపల. నేను దాన్ని మొదటిసారి తెరవడానికి పదకొండు నెలలు పట్టింది.

"ఇంకోటున్నది. తీసినవా?" అన్నాడు.

"ఏడే గద, కాకా?"

ఆయన నవ్వాడు. కొక్కెం తిరగేసి, దాని కొసతో లోపలెక్కడో ఒత్తాడు. అడుగు రేకు గోరంత పక్కకు జరిగింది. పద్దెనిమిదేళ్లు నా దగ్గరున్న తాళం. దాని అడుగు జరుగుతుందని నాకు తెలియదు. రేకు కింద అవే మూడు గీతలు, పక్కన పంచ్‌తో కొట్టిన అంకెలు. 1984.

"నాకు సదువు రాదు సారు. సంతకం కింద గీ మూడు గీతలు గీస్తుంటి. అంకెలు మాత్రం మిల్లుల నేర్సుకున్న."

మిగతాది ఆయన చెప్పినట్టే రాస్తాను.

మొదటి మూడూ సొంత సరదాకు చేశాడు. మిల్లు లేత్ మిషన్ మీద, పని అయ్యాక, పారేసిన ఇత్తడి బుష్షులు కరిగించి. నాలుగోది మిల్లు సేటు, అంటే తారాబాయి మామగారి కోసం. సేటు ఇంట్లో దాన్ని చూసి పాతసామాను వ్యాపారి ఒకడు వెతుక్కుంటూ వచ్చి మొదటి మూడూ తీసుకున్నాడు, ఇంకా చేయమన్నాడు. ఆ మనిషి చనిపోయి చాలా కాలమైంది.

"పులిసిన మజ్జిగల నానబెట్టి, ఉప్పుమట్టిల ఆర్నెల్లు బొందపెట్టుమన్నడు. పెట్టిన. కొత్త తాళమంటె ఎవలు చూస్తరు సారు? పాతదంటె నెత్తిమీద పెట్టుకుంటరు."

"ఏడే ఎందుకు చేసినవ్? ఎనిమిదోది చెయ్యలేదా?"

ఆయన అడుగు రేకు మూసేశాడు. మిషన్ ఆపి పోశవ్వ చెప్పింది.

"ఎనిమిదోది సగమయింది. అప్పుడు నాకు పన్నెండు పదమూడేండ్లు. కారుల ఒక దొర వచ్చిండు, మిల్లు గేటు కాడికి. ఇంక చెయ్యొద్దన్నడు. చేస్తె, మిల్లు ఇత్తడి దొంగతనం చేస్తున్నవని సేటుకు చెప్త అన్నడు. బాపు ఆ సగం తాళం తీస్కపోయి తుక్కుల పారేసిండు. అప్పటిసంది ఆకురాయి ముట్టలే. మిల్లుల బోల్టులు బిగించుకుంట రిటైరయిండు. ఇంటికొస్తె తలుపు గొళ్లెం పట్టుకొని తీసుడు, పెట్టుడు, తీసుడు, పెట్టుడు. మా అవ్వ ఏడ్చేది."

"ఏ దొర?" అని అడిగాను.

"పేరు తెల్వది. ఎడమకాలు జర ఈడ్చుకుంట నడిచిండు" అంది పోశవ్వ.

తాళం సంచిలో పెట్టుకుని బస్సుకు బయల్దేరాను.

డిసెంబర్ 9

అంకెలు తర్వాతెప్పుడో కొట్టి ఉండవచ్చు.

డిసెంబర్ 11

ఎడమకాలు ఈడ్చే దొరలు ఎందరు లేరు?

డిసెంబర్ 14

మధ్యాహ్నం వెళ్లాను. ఆమని మందుల షాపుకు వెళ్లింది. రావు సార్ ఒక్కరే. ఐదో నంబరు ఒళ్లో ఉంది.

"సార్, నేను జైనూర్ పోయిన" అన్నాను.

ఎందుకు అని అడగలేదు. ఎవరి దగ్గరికి అని అడగలేదు.

"ఉన్నడా?" అన్నారు.

అంటే ఆయనకు ముందే తెలుసు. నా కుర్చీలో కూర్చున్నాను.

"ఉన్నడు సార్. కండ్లు సరిగ కనబడ్తలెవ్వు."

"నన్ను తిట్టిండా?"

"మీ పేరు ఆయనకు తెల్వది."

ఒళ్లోని ఐదో నంబరు తీసి పక్కన పెట్టారు. తర్వాత ఆగి ఆగి చెప్పారు.

"ఎనభై ఎనిమిదిల దొరికిండు నాకు. నీలెక్కనే నేనుగూడ తిరిగి తిరిగి పట్టుకున్న. చేతుల ఎనిమిదో తాళం ఉండె. గసొంటి చెయ్యి బతికున్నదంటె నాకు సంతోషం కావాలె గద, సుధాకర్? నాకు భయమైంది. ఇగ పది చేస్తడు, ఇరవై చేస్తడు. అంగట్ల కుప్ప పోస్తరు. అప్పుడు నా ఐదు ఏమైతయ్? ఏడే ఉంటెనే అవి ఏడు. అందుకని బెదిరిచ్చిన. ఒట్టు పెట్టిచ్చుకున్న. కారెక్కినంక గూడ వెనక్కి తిరిగి చూసిన. గేటు పట్టుకొని అట్లనే నిలబడ్డడు."

"మరి నాలుగోదాని కోసం నన్నెందుకు తిప్పిండ్రు ఇన్నేండ్లు?"

"అది నిజంగనే కావాలె నాకు." నా వైపు చూడకుండానే అన్నారు. "ఇప్పటికి గూడ కావాలె."

లేవబోయాను. నా చేయి పట్టుకున్నారు. ఎముకలు తప్ప ఏమీ లేదు ఆ చేతిలో.

"నువ్వు పుస్తకం రాస్తున్నప్పుడు రోజు ఎదురుచూసిన, ఇయ్యాల వచ్చి అడుగుతవ్, రేపు వచ్చి అడుగుతవని. నువ్వు ఫిట్టర్ సారువి. నీకు తెల్వకుంటదా అనుకున్న. నువ్వు అడగలే. నేను చెప్పలే."

ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలియలేదు.

డిసెంబర్ 15

తెలియలేదు అని రాశాను. ఉండనీ.

డిసెంబర్ 17

ఉత్తరం రాశాను. 'పందొమ్మిదో శతాబ్దం చివరి భాగానికి చెందినవని నా నిశ్చితాభిప్రాయం.' సంతకం పెట్టాను. స్పీడ్ పోస్టులో పంపాను. చనిపోతున్న మనిషి కోసం ఆ మాత్రం చేయకూడదా? నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి.

ఇది ఆయన కోసమే.

డిసెంబర్ 26

రావు సార్ పోయారు. పొద్దున తొమ్మిదిన్నరకు. ఏడో నంబరు పక్కలో ఉంది. ఆమని తీసి నా చేతికిచ్చి, "ఎక్కడ పెడ్తరో మీకే తెలుస్తది సార్" అంది. అద్దాల బీరువాలో దాని చోట దాన్ని పెట్టాను.

జనవరి 2, 2026

మ్యూజియం వాళ్లు 22న వస్తారట. ఉత్తరం అందిందట. చాలా సంతోషమట.

జనవరి 4

నిద్ర లేదు.

జనవరి 6

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున నవీన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పేపర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. జైనూర్ సంగతి, రావు సార్ చెప్పింది, ఉత్తరం సంగతి అప్పటికి ఆమెకు చెప్పి ఉన్నాను.  నేనే ఆగలేక మొదలుపెట్టాను.

"నాకేం తెలుసు? ఆయన నాకు చెప్పకపాయె. నన్ను మోసం చేసిండు."

ఆమె చిక్కుడుకాయ గిన్నెలో వేసింది.

"నువ్వు గేజీ పెట్టి చూసినవ్ గదయ్యా" అంది.

"ఏం గేజీ?"

"పుస్తకం రాసేటప్పుడు. గీడనే కూసున్నవ్, కిటికీ కాడ. తాళం అడుగున స్క్రూ ఊడదీసి, గా పండ్ల పండ్ల రేకుల గేజీ పెట్టి చూసినవ్. చూసి శానసేపు పలకలే. అన్నం తినుమంటె వద్దన్నవ్. ఏమైందయ్యా అంటె, ఏం లేదు, కొలత కుదురుతలేదు అన్నవ్. మల్ల స్క్రూ బిగించి పెట్టినవ్. నేను మరిచిపోలే."

నేను కూడా మరిచిపోలేదు. అదీ సంగతి.

కొలత కుదరకపోవడం కాదు. కుదిరింది. చక్కగా కుదిరింది. మర పళ్ల ఎడం కొలిచే ఆ గేజీలోని సున్నా పాయింట్ ఏడు మిల్లీమీటర్ల రేకు ఆ మర పళ్లలో వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. నాలుగు మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూ. మన దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చింది నేను పుట్టడానికి కొంచెం ముందు. నిజాం కాలపు కంచరి ఆకురాయితో చేత్తో గీసిన మర అలా ఉండదు. ఒక పన్ను లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. ఇది నేను ముప్పై ఏళ్లు పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం. మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా చెప్పగలడు.

అప్పటికి పుస్తకం సగం అయింది. రావు సార్ ముందుమాట రాసిచ్చారు. 'మిత్రుడు సుధాకర్' అని రాశారు. మిత్రుడు. ఆ మాట చదివిన మర్నాడే స్క్రూ ఊడదీశాను. బిగించేశాను.

ఆయన హనుమండ్లు చేతిని ఆపారు. నేను హనుమండ్లు పేరును ఆపాను. ఎవరిది ఎక్కువ తప్పు అని పొద్దుటి నుంచి తూకం వేస్తున్నాను. వేయడం మానేయాలి.

నవీన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం చిక్కుడుకాయ కూర వడ్డించింది. తిన్నాను.

జనవరి 8

ఆమనికి చెప్పాను. ఆమె స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించలేదు. అన్నీ చెప్పాను. హనుమండ్లు, 1984, మిల్లు గేటు, స్క్రూ. వాళ్ల బాపు చెప్పింది కూడా. దాచి చెప్పడం నాకు చేతకాలేదు.

మొదట నమ్మలేదు. తర్వాత కోపం.

"బాపు పోయి పదిహేను దినాలు కాలే. ఆయన బతికున్నన్ని రోజులు గీ ఇంట్ల తిని, చాయ్ తాగి, ఇప్పుడు బద్నాం చేస్తరా?"

"నాక్కూడ బద్నామే అమ్మా. సంతకం నాది."

"మీ సంతకం మీరు తీసుకోండ్రి. బాపు ముచ్చట ఎందుకు?"

"ఆయన ముచ్చట మ్యూజియం వాళ్లకు చెప్పను. తాళాలు ఎవరు చేసిండ్రో, ఎప్పుడు చేసిండ్రో మాత్రం రాస్తా."

"గది పోతది సార్." ఏడ్చింది. "తలుపు మీద బాపు పేరుంటది అనుకున్న."

ఆమె బల్ల మీద చాయ్ పెట్టలేదు. నేను కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడి, నిలబడే వచ్చేశాను.

జనవరి 9

మ్యూజియానికి రెండో ఉత్తరం. చేసినవాడు: హనుమండ్లు, జిన్నింగ్ మిల్లు ఫిట్టర్, ఆదిలాబాద్; ప్రస్తుతం జైనూర్. కాలం: 1979 నుంచి 1987. స్క్రూ కొలత రాశాను. నా మొదటి ఉత్తరం తప్పు అని రాశాను. తెలిసే రాసిన తప్పు అని రాయడానికి ఇంకో కాగితం కావలసి వచ్చింది.

జనవరి 21

జవాబు మర్యాదగా ఉంది. పందొమ్మిది వందలకు ముందువి మాత్రమే తీసుకుంటారట. రేపు రావడం లేదట.

జనవరి 24

అటక మీద నా పుస్తకం కాపీలు నలభై మూడు మిగిలాయి. కింద పరుచుకుని కూర్చున్నాను. పన్నెండో పేజీలో 'పేరు తెలియని కంచరి' అన్నచోట గీత కొట్టి, పైన హనుమండ్లు అని రాయడం. మొదట ఎర్ర ఇంకుతో రాశాను, తప్పు దిద్దినట్టుంది. నల్ల ఇంకుతో రాశాను. నవీన పక్కన కూర్చుని తేదీలు దిద్దింది.

జనవరి 27

లైబ్రరీలో రెండు కాపీలున్నాయి. అక్కడ కూర్చుని రాస్తుంటే లైబ్రరీలో పనిచేసే లక్ష్మీరాజం వచ్చి పట్టుకున్నాడు.

"ఏం సారూ, గింత పెద్దమనిషివి, లైబ్రరీ బుక్కుల గీతలు గీకుతవా?"

"ఇది నేను రాసిన బుక్కే."

"అయితె మాత్రం? ఇచ్చినంక మాది గద."

ఎందుకు గీస్తున్నానో చెప్పాను. విన్నాడు. రెండో కాపీ ఆయనే వెతికి తెచ్చిచ్చాడు.

ఫిబ్రవరి 3

ఆమని మా ఇంటికి వచ్చింది. మొదటిసారి. బట్టసంచి ఒకటి బల్ల మీద పెట్టింది. ఐదు తాళాలు.

"బీరువల పెట్టుకొని రోజు చూస్తుంటె మనసున పడ్తలేదు" అంది. "బాపు ఇట్ల చేసిండంటె ఇప్పటికి గూడ ఒప్పుకోను. కని కలల ఆ గేటే వస్తుంది. ఆ పెద్దమనిషికి ఇచ్చెయ్యండ్రి. మా పేరు చెప్పకండ్రి."

నవీన ఆమెకు చాయ్ ఇచ్చింది. తాగింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "కాలు ఈడ్చుకుంట నడిచిండని చెప్పిందా, ఆ పోశవ్వ?" అని అడిగింది. అవునన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 8. ఆదివారం, రాత్రి ఇంటికి వచ్చాక

ఐదు, నాది ఒకటి, ఆరు తాళాలూ జైనూర్ తీసుకెళ్లాను. బస్సులో సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను.

పోశవ్వ కుట్టుమిషన్ బల్ల మీది బట్టలు తీసేసి ఒక పాత దుప్పటి పరిచింది. తాళాలు వరసగా పెట్టాను.

"ఇవన్ని మా బాపుకెందుకు ఇప్పుడు?" అంది. కోపంగా కాదు, కోపం దాటిపోయిన మనిషిలాగ. "ముప్పై ఏడేండ్లు ఎవలన్న వచ్చిండ్రా?"

"రాలే. నేను గూడ రావాల్సినప్పుడు రాలే."

స్క్రూ సంగతి ఆయనకు చెప్పాను. కొలిచి కూడా నోరు మూసుకున్నానని. దొర పోయాడని చెప్పాను. హనుమండ్లు దొర సంగతి పట్టించుకోలేదు.

"జీరో పాయింట్ సెవెనా?" అన్నాడు. "అవు. మిల్లుల మర కోసేటందుకు అదే డై ఉండె. కొన కొంచెం విరిగిన డై. అయినా మంచిగనే తీసేది."

నా పుస్తకం పన్నెండో పేజీ తెరిచి పోశవ్వకిచ్చాను. ఆమె గట్టిగా చదివింది. తండ్రి పేరు వచ్చినచోట ఆగి, మళ్లీ చదివింది. ఆయన విన్నాడో లేదో. అప్పటికే ఒకటో నంబరు చేతిలోకి తీసుకున్నాడు.

ఒకటి తెరిచాడు. మూడు తెరిచాడు. ఐదు, ఆరు, ఏడు. ఒక్కొక్కటీ తెరిచి, చెవికి ఆనించుకుని మళ్లీ మూశాడు. తెరిచిన ప్రతిసారీ కింది పెదవి కొంచెం ముందుకొచ్చేది, పనిలో ఉన్న మనిషికి వచ్చినట్టు.

రెండో నంబరు దగ్గర ఆగిపోయాడు.

పువ్వు తిప్పాడు. రివెట్టు నొక్కాడు. రేకు కదలలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కదలలేదు. వణుకు ఎక్కువైంది. ఎండ కుర్చీ మీది నుంచి గోడ మీదికి పోయింది. పోశవ్వ రెండుసార్లు చాయ్ పెట్టింది.

"ఇగ ఇడువు బాపూ. మర్చిపోయినవ్."

"ఉండు బిడ్డా." మళ్లీ తిప్పాడు. చివరికి తాళాన్ని మోకాలి మీద పెట్టుకుని, తెల్లబడని కంటితో నా వైపు చూశాడు. "దీనిది యాదికొస్తలేదు సారు."

మూడేళ్లు పట్టింది నాకు దాన్ని తీయడానికి. నోటితో చెప్పేయవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. కుర్చీ దగ్గర నేల మీద కూర్చుని, ఆయన చేతుల మీద నా చేతులు వేశాను. గరుకు చేతులు. వణుకు నా చేతుల్లోకి వచ్చింది. తాళాన్ని తలకిందులు చేశాం. ఎడమకు వాల్చి ఒక్కసారి ఊపాం. లోపల ఉక్కు గోలీ ఒకటి పక్కకు దొర్లింది. ఆ చప్పుడు ఆయన విన్నాడు. ఆయన చేతులు నా చేతులను నెట్టేశాయి. రేకు జరిపాడు. పువ్వు వెనక్కి తిప్పాడు. కొక్కెం ఎగిరి పైకి వచ్చింది.

తాళం లోపలికి వేలు పెట్టి, గోలీని తడిమాడు.

"గోలీ పెట్టిండు, సూడు" అన్నాడు, ఎవరి పనితనాన్నో మెచ్చుకుంటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు. "గిది నేనే చేసిన్నా?"

"నువ్వే చేసినవ్, కాకా."